బేకరీ మొగుడు, ఆకలి లేని డ్రైవరమ్మ

పొద్దున్నే ఆ ఇంటికి గడియారం అక్కర్లేదు. వీధి మలుపు నుంచి వేడి బ్రెడ్డు వాసన వచ్చిందంటే బేకరీ ఆయన ఇంటికొస్తున్నట్టే. రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడి, మోచేతుల దాకా పిండితో, చంకలో కాగితం పొట్లంతో వస్తాడు. అదే వేళకి ఆయన భార్య డ్యూటీకి తయారవుతూ ఉంటుంది. ఆయన పగలు పడుకుంటాడు, ఆమె రాత్రి పడుకుంటుంది. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు తీరిగ్గా చూసుకునేది ఆ కాసేపే. అందుకే ఆయన ప్రాణమంతా ఆ పొట్లంలో పెట్టి తెస్తాడు.

ఆ రోజూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "తిను. ఇప్పుడే పొయ్యిలోంచి తీశాను. పైన పొర చూడు, ఎలా కాలిందో."

ఆమె ఒక ముక్క తుంచుకుని, నెమ్మదిగా నమిలి, పళ్ళెం పక్కకి జరిపింది. "చాలండీ."

"చాలా? పిచ్చుక కూడా ఇంతకంటే ఎక్కువ తింటుంది!"

"కడుపు నిండిపోయింది."

"ఎందుకు నిండదూ! వారం వారం పొట్టలో సూది గుచ్చుకుంటుంటే" అంది అత్తగారు, టీ గ్లాసు ఊదుకుంటూ. "గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకుంది నా కోడలు. కాస్త నోరు కట్టుకుంటే పోయేదానికి ఇంజెక్షన్లేమిటమ్మా, విడ్డూరం కాకపోతే!"

"నోరు కట్టుకుంటూనే ఉన్నాను అత్తయ్యా, పెళ్ళయిన నాటి నుంచీ. కట్టిన ప్రతిసారీ తెంచుకుని పోయింది" అని నవ్వేసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బేకరీ ఆయన మిగిలిన బ్రెడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఈవిడ సంగతి కాస్త చెప్పాలి. సిటీ బస్సు డ్రైవరు. ఆ రూట్లో పిల్లా పెద్దా అందరికీ 'డ్రైవరమ్మ'. మనిషి భారీ, నవ్వు అంతకంటే భారీ. ఇరుకు సందులో అంత పెద్ద బస్సుని అద్దం గీసుకోకుండా తిప్పేసేది. ఒళ్ళు పెరిగిన కొద్దీ సీటు వెనక్కి జరుపుకుంటూ వచ్చింది. స్టీరింగు పొట్టకి రాసుకుంటున్నా లెక్క చెయ్యలేదు. కానీ అసలు గండం నిద్రలో ఉంది. గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. ఎంత పడుకున్నా పొద్దున్నకి పడుకోనట్టే ఉండేది. చివరికి ఒక మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర కళ్ళు మూతపడ్డాయి. కాలు బ్రేకు మీంచి జారింది, బస్సు ముందుకు దొర్లి ఫుట్‌పాత్ గట్టుకి కొట్టుకుంది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ముందు సీట్లో పసిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న తల్లి వేసిన కేక మాత్రం ఆమె చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

డిపోవాళ్ళు స్టీరింగు లాగేసుకుని, ప్రయాణికులు మర్చిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. చుట్టూ గొడుగులు, భోజనం డబ్బాలు, ఒంటి చెప్పులు. ఎవరో తననీ అక్కడే మర్చిపోయి వెళ్ళినట్టుండేది ఆమెకి. డాక్టరు నిద్రలో ఊపిరి ఆగకుండా పెట్టుకునే మాస్కు ఇచ్చి, ఆకలి తగ్గించే ఇంజెక్షను రాశాడు. "బరువు తగ్గాలి, నిద్ర పరీక్షలో ఊపిరి సరిగ్గా ఆడాలి. అప్పుడే మళ్ళీ బస్సు. గడువులోగా కుదరకపోతే మీకు శాశ్వతంగా ఆ గదే" అన్నారు డిపోవాళ్ళు.

మందు మొదలెట్టిన కొత్తలో వికారం. మొగుడు తెచ్చిన బ్రెడ్డు వాసనకే పరుగెత్తుకెళ్ళి వాంతి చేసుకుంది. పాపం, ఆయన పొట్లం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత వికారం తగ్గింది గానీ ఆయన మనసులో దిగిన ముల్లు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇలా ఉండగా గాలివానకి ఆ వీధిలో కరెంటు పోయింది. ఆమె డిపోలో ఉంది. మధ్యాహ్నం నిద్ర లేచిన బేకరీ ఆయనకి ఫ్రిజ్‌లో ఉన్న మందు గుర్తొచ్చింది. చల్లగా ఉండాలని చెప్పిందే! గబగబా ఇంజెక్షను పెన్నుల డబ్బా తీసుకెళ్ళి, జనరేటరు మీద నడిచే బేకరీ డీప్ ఫ్రీజర్లో పెట్టాడు. మర్నాడు పొద్దున్న ఘనకార్యం చేసినవాడిలా తెచ్చి చేతికిచ్చాడు. డబ్బా నిండా మంచు పేరుకుని ఉంది.

"ఇవెక్కడ పెట్టారు?"

"డీప్ ఫ్రీజర్లో! అంతకంటే చల్లటి చోటు ఎక్కడుంది?"

ఆమె మొహం పాలిపోయింది. "గడ్డ కడితే వాడకూడదండీ! డబ్బా మీదే రాసుంది కదా!"

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అని అత్తగారు నుదురు కొట్టుకుంది.

ఆమె మందుల షాపుకి ఫోన్ చేసింది. స్టాకు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. ఇంకో షాపు, మరో షాపు. అందరిదీ అదే మాట. పరీక్ష చూస్తే దగ్గరకొచ్చేసింది. ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"కావాలనే చేశారు కదూ?"

"నీ మీద ఒట్టు! తెలియక చేశాను."

"మరి నా నోటి వెంట పాడైపోయాయన్న మాట రాగానే మీ మొహం అంత తేలికపడిందేం?"

ఆయన తల దించుకున్నాడు. "తెలిసి చెయ్యలేదు. కానీ పాడయ్యాయని నువ్వనగానే... నాకు సంతోషం వేసింది."

అత్తగారు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడాయన. "నేను నీకు ఏనాడు ఏం కొనిపెట్టాను? షికార్లు తిప్పానా? రాత్రంతా పిండి పిసుకుతాను, పొద్దున్న నువ్వు కడుపారా తింటావన్న ఒక్క ఆశతో. నీకు ఆకలే లేకపోతే ఇంక ఈ ఇంట్లో నేనెందుకే?"

ఇంకో రోజైతే ఆ మాటకి ఆమె కరిగిపోయేదే. ఆ రోజు కరగలేదు.

"ఇష్టంగా తిన్నాననుకున్నారా? ఒక బ్రెడ్డు నోట్లో ఉండగానే రెండోదాని మీద ధ్యాస. స్టీరింగు ముందు అదే ధ్యాస, స్నానం చేస్తున్నా అదే ధ్యాస. తలలో ఎవరో కూర్చుని తిండి తిండి అని రోజంతా అరుస్తున్నట్టుండేది. ఆ మందు వేసుకున్నాకే ఆ గోల ఆగింది. ఆకలి రుచెరగదంటారే, అది నిజమండీ. ఇన్నేళ్ళు మీ బ్రెడ్డు తిన్నాను గానీ దాని రుచేమిటో ఈ మధ్యే తెలిసింది. ఆ ఒక్క ముక్కా రుచి తెలిసి తింటున్నాను. ఆ సంగతి మీరు చూడలేదు. వదిలేసిన ముక్కలే చూశారు."

సంచి అందుకుని, చెప్పులు వేసుకుని విసురుగా వెళ్ళిపోయింది.

మందు ఆగాక ఆకలి ఊరుకుంటుందా? అలిగి వెళ్ళి తిరిగొచ్చిన ఆడపడుచులా ఒక్కసారిగా పెత్తనం మొదలెట్టింది. ఒకనాడు ఆమెకి సెలవు. మధ్యాహ్నం మంచినీళ్ళకని లేచిన బేకరీ ఆయన వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె నేల మీద కూర్చుని బ్రెడ్డు చింపుకుని చింపుకుని తింటోంది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నోరు మాత్రం ఆగడం లేదు.

"చూస్తారేం?" అంది ఏడుస్తూ. "లాక్కోండి! నా వల్ల కావడం లేదు, నా చేతిలోంచి లాక్కోండి!"

ఊరందరి నోటికీ బ్రెడ్డు అందించే మనిషి, భార్య చేతిలోంచి బ్రెడ్డు తీసుకున్నాడు. తీసుకుని ఆమె పక్కనే చతికిలబడ్డాడు. ఆమె తల భుజానికి ఆనించుకుని, "తెలియలేదే, నాకు నిజంగా తెలియలేదు" అని తనూ ఏడ్చేశాడు. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, కొంగుతో కళ్ళొత్తుకుని వెనక్కి వెళ్ళింది.

ఆ రోజు ఆయన మళ్ళీ పడుకోలేదు. ఊళ్ళో ఉన్న మందుల షాపులన్నీ తిరిగాడు. ఇంట్లో అత్తగారు ఫోను పట్టుకుని చుట్టాలందరినీ కదిపింది. "మా కోడలికి మందు కావాలి. ఆ, ఆ ఇంజెక్షనే! ఏం, మందు వాడటం తప్పా? నీకు బీపీ వస్తే నోరు కట్టుకుని కూర్చున్నావా?" అని ఒకావిడని కడిగేసింది కూడా. చివరికి ఊరి అవతల ఒక షాపులో దొరికింది. బేకరీ ఆయన డబ్బాకి ఐసు తగలకుండా తువ్వాలు చుట్టి, ఐసు వేసిన సంచిలో పెట్టి, ఎలా దాచాలో షాపువాడిని మూడుసార్లు అడిగి మరీ తెచ్చాడు. మధ్యలో ఆగింది కాబట్టి డాక్టరు మళ్ళీ చిన్న మోతాదుతో మొదలెట్టమన్నాడు.

అప్పటి నుంచి ఇంటి వరస మారింది. సాయంత్రం ఆమె వచ్చేదాకా ఆగి, బేకరీకి వెళ్ళే ముందు ఆయన భార్యతో కలిసి నడకకి బయల్దేరేవాడు. పడుకునే వేళకి అత్తగారు తలుపు దగ్గర నిలబడి, "మాస్కు పెట్టుకున్నావా లేదా?" అని కేకేసేది. కోడలు 'చాలు' అంటే ఇంట్లో ఎవరూ మారు వడ్డించేవారు కాదు.

నిద్ర పరీక్ష రోజు ఆస్పత్రిలో ఒంటి నిండా తీగలు తగిలించి పడుకోబెట్టారు. తర్వాత డిపో డాక్టరు ఆ రిపోర్టు తిరగేస్తుంటే ఆమె కుర్చీ అంచున కూర్చుని కాగితాల వంకే చూసింది. సన్నబడిందా అంటే, తూకం తగ్గినా ఇంకా నిండు మనిషే. కానీ కళ్ళలో మగత లేదు.

"ఊపిరి చక్కగా ఆడుతోందమ్మా" అన్నాడు డాక్టరు. "మందు మానకండి, మాస్కూ మానకండి. వెళ్ళి బండెక్కండి."

బయట వరండాలో అత్తగారు వేసిన కేకకి డిపోలో మెకానిక్కులు పనాపి చూశారు.

మొదటి ట్రిప్పు చూడాలి! పాత ప్రయాణికులు ఎక్కుతూనే, "డ్రైవరమ్మొచ్చింది!" అని చప్పట్లు కొట్టారు. ముందు సీటు ఆక్రమించిన అత్తగారు, ఎక్కిన ప్రతివాళ్ళతోనూ, "నా కోడలే! కూర్చోండి, మీకేం భయం లేదు" అని చెప్పుకుంటూ తన స్టాపులో అతి కష్టం మీద దిగింది. ఇరుకు సందు వచ్చింది. డ్రైవరమ్మ రెండు అద్దాల్లోకీ చూసి, స్టీరింగు తిప్పింది. బస్సు గోడకి జానెడు దూరంలో నీళ్ళలో చేపలా మలుపు తిరిగింది. వెనకాల ఎవరో ఈల వేశారు.

ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయారు. అద్దంలో చూస్తే వెనక సీట్లో ఒక మనిషి అలాగే కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా పిండి. ఎప్పుడెక్కాడో ఏమో!

"ఏవండీ, మీరా? ఈ వేళప్పుడు పడుకోకుండా! దిగండి, ఇదే ఆఖరి స్టాపు."

బేకరీ ఆయన లేచి, రాడ్లు పట్టుకుంటూ ముందుకొచ్చి, ఆమె వెనకున్న సీట్లో కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"దిగను" అన్నాడు. "ఇన్నేళ్ళూ నువ్వు తింటుంటే చూశాను గానీ, నువ్వు బండి నడుపుతుంటే ఒక్కసారైనా చూశానటే? ఇంకో ట్రిప్పు కొట్టు."

డ్రైవరమ్మ కళ్ళు తుడుచుకుని, గట్టిగా ఒక హారన్ కొట్టి, బస్సు ఊళ్ళోకి తిప్పింది.