కూతురికి పోటీగా

ఫోను కూతురే ఎత్తింది. యూనివర్సిటీ నుంచి అని వినగానే దాని మొహం వెలిగిపోయింది. "నాకు నిన్ననే చెప్పారు కదండీ, గురువారం ఇంటర్వ్యూ అని..." అంటూ సగంలో ఆగిపోయింది. అవతలివాళ్ళు ఏం చెప్పారోగానీ, మెల్లగా తల తిప్పి వంటగది గుమ్మంలో తడిచేతులతో నిలబడ్డ తల్లివైపు చూసింది.

"అమ్మా... ఈ ఫోను నీకట. నీక్కూడా ఇంటర్వ్యూ ఉందట!"

కళ్ళద్దాల షాపుకి బయల్దేరుతున్న భర్త ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"ఏం ఇంటర్వ్యూనే?"

"రొమాన్స్ భాషలు, సాహిత్యం... ఎం.ఏ. నానమ్మా! నాతోపాటు అమ్మా అప్లై చేసింది. నాకు మాటమాత్రం చెప్పకుండా!"

"రొమాన్సా! ఈ వయసులో మీ అమ్మకిదేం బుద్ధే!"

ఇంకోరోజైతే అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. 'ఆ రొమాన్సు కాదత్తయ్యా, రోమ్ వాళ్ళ లాటిన్‌కి పుట్టిన అక్కచెల్లెళ్ళు ఈ భాషలు... ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్' అని ఆమే విడమరిచి చెప్పేది. ఇవాళ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ఉండిపోయింది.

పెళ్ళయిన కొత్తలో చేరిన అనువాదాల ఆఫీసులోనే ఆమె జీవితం సగం గడిచిపోయింది. ఫ్రెంచిలో, ఇటాలియన్‌లో వచ్చే మందుల కాగితాలూ, బట్టలుతికే మెషీన్ల పుస్తకాలూ! 'పిల్లలకు అందకుండా ఉంచవలెను', 'తడిచేతులతో ముట్టరాదు'... ఎన్ని వేలసార్లు రాసిందో! ఆ భాషల్లో కవిత్వం కూడా ఉందని తనకొక్కదానికే గుర్తున్నట్టు ఉండేది. ఆ కవిత్వాన్నే కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దుముద్దుగా పలికించింది. మొన్న కూతురు అప్లికేషన్ కోసం 'ఈ చదువు నాకెందుకు?' అని వ్యాసం రాస్తుంటే పక్కన కూర్చుని దిద్దింది. కూతురి వ్యాసం పూర్తయిందిగానీ, ఆ ప్రశ్న మాత్రం తల్లిని వదల్లేదు! ఆఫీసులో భోజనాల వేళ తన జవాబు తను రాసుకుని, కాలేజీలో ఈ భాషలు నేర్పిన పాత లెక్చరరమ్మగారి సిఫార్సుతో పంపేసింది. పిలవరులే అనుకుంది. పిలవరనే ధైర్యంతోనే పంపింది...

"పిలిస్తే చెబుదామనుకున్నానే తల్లీ..."

"ఉన్నవే నాలుగు సీట్లు! నాకు పోటీగా నువ్వా అమ్మా?" కూతురు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"కన్నకూతురి నోటిదగ్గర కూడు లాక్కునే తల్లిని ఎక్కడా చూళ్ళేదమ్మా!" అత్తగారి మాట గుండెల్లో ముల్లులా దిగింది. ఆ క్షణానే ఆమె నిశ్చయించుకుంది. ఇంటర్వ్యూకి వెళ్ళాలి, కావాలనే చెడగొట్టుకోవాలి. మానేస్తే కూతురికి తెలిసిపోతుంది. ఓడిపోతే ఎవరికీ తెలియదు!

గురువారం వరండాలో ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో చేతిసంచీ పెట్టుకుని కూర్చున్నారు. ముందు కూతుర్ని పిలిచారు. బయటికొచ్చేసరికి దాని మొహంలో నెత్తుటి చుక్క లేదు! "ఎలా చేశావే?" అని అడిగేలోపే తల్లిని లోపలికి పిలిచారు.

ముగ్గురు ప్రొఫెసర్లు. ఓ చిన్న ఇటాలియన్ కవిత ఇచ్చి చదవమన్నారు. ఆమె తడబడుతూ చదివింది. అర్థం అడిగితే తప్పు చెప్పింది. రెండోదీ తప్పే! నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ ఆమెనే తేరిపార చూసింది.

"మీ వ్యాసం రాసింది మీరేనా?"

అంతే! కట్ట తెగింది. "నేనేనండీ... కానీ బయట నా కూతురు కూర్చునుంది!"

ప్రొఫెసరమ్మ తన ముందున్న గ్లాసు ఆమెవైపు జరిపింది. "చూడమ్మా" అందావిడ మెత్తగా, "మీ సీటు వదులుకోవడం మీ ఇష్టం. కానీ దాన్ని ఆ అమ్మాయికివ్వడం మీ చేతిలో లేదు. మంచినీళ్ళు తాగండి. ఇప్పుడు చెప్పండి, ఆ కవితలో ఏముంది?"

ఆమె చెప్పింది. ఎన్నేళ్ళుగానో లోపల అణిచిపెట్టుకున్నదంతా చెప్పింది!

ఫలితాలు వచ్చిన సాయంత్రం భర్త కంప్యూటర్‌లో జాబితాని రెండుసార్లు చదివాడు. తల్లికి సీటొచ్చింది. కూతురి పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది.

"ఏమండీ, నాకొద్దని రాసేయండి! నా బిడ్డ కన్నీళ్ళమీద నాకీ చదువొద్దు..."

"అమ్మా, ఆగు!" కూతురు దూసుకొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "నా కోసం వదిలేశావని బతికినన్నాళ్ళూ నన్ను మోయమంటావా? ఆ బరువు నావల్ల కాదమ్మా! అక్కడ నేను చెప్పినవన్నీ నువ్వు దిద్దిన మాటలే. వాళ్ళు గుచ్చి గుచ్చి అడిగితే, వాటి వెనక నా మాట ఒక్కటీ దొరకలేదు! అది నీ తప్పా?"

"దిద్దింది నేనే కదే..." తల్లి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇకమీదట దిద్దకు. వచ్చే ఏడాది నా అంతట నేను రాసుకుంటాను." అంటూ నానమ్మవైపు తిరిగింది. "నానమ్మా, అమ్మ నాదేం లాక్కోలేదు. ఇంకెప్పుడూ ఆ మాటనకు!"

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "నోరు జారానే... నా కోడలు చదువుకుంటానంటే నేనెందుకొద్దంటాను?" అంది గొణుగుతున్నట్టు. భర్త లేచి భార్య తలమీద చెయ్యి వేశాడు. "నీకింత ఆశ ఉందని ఇన్నేళ్ళూ అడగనైనా అడగలేదు నేను..." అన్నాడు.

ఎవరో ఒకరు మానుకుంటే తనని పిలుస్తారని కూతురు ఎదురుచూసింది. పిలుపు రాలేదు. క్లాసులు మొదలైన రోజు తనే తల్లిని యూనివర్సిటీ గేటుదాకా తీసుకొచ్చింది. లోపలికి వెళ్తున్న పిల్లలందరూ కూతురి ఈడువాళ్ళే! తల్లి గేటు దగ్గరే ఆగింది.

"నామీద ఇంకా కోపంగా ఉందా తల్లీ?"

కూతురు తల్లి భుజాన సంచీ పట్టీ సర్దింది. "కోపం లేదమ్మా. బాధ ఉంది... ఇంకొన్నాళ్ళు ఉంటుంది. ఉండనీ. దానికోసం నువ్వు ఆగిపోకు."

తల్లి చెయ్యి గట్టిగా ఓసారి నొక్కి, వదిలేసి, వెనక్కి తిరిగి నడిచింది. ఆ నడక మలుపు తిరిగేదాకా చూసి, కళ్ళు తుడుచుకుని, ఆమె గేటు లోపలికి అడుగుపెట్టింది.