ఉమ్మితో తుడిచిన బొమ్మ

అక్క ఆమెను చీదర పిల్ల అని ఏడిపించేది. ఎవరైనా తాగిన గ్లాసు ఎంత తోమి ఇచ్చినా ఆమె పెదవికి ఆనించేది కాదు. అలాంటి మనిషి మానవశాస్త్రంలో పీజీకి చేరి, జనం వాడి వదిలేసిన దువ్వెనలూ చెప్పులూ బొమ్మలూ ముందేసుకుని చదువుతోంది. ఏరికోరి తెచ్చుకున్న తంటా అంటే ఇదే.

ఆ సాయంత్రం యూనివర్సిటీ మ్యూజియం నేలమాళిగలో, బల్ల మీద మనిషి తలంత చెక్క బొమ్మ ఉంది. దాని తెరిచిన నోరంతా నల్లటి జిడ్డు పేరుకుపోయింది. ఒకప్పటి జనం తాము నమిలిన ముద్దను తీసి దాని నోటికి పులిమేవాళ్ళట. మురిగిన కొవ్వు కంపు, పుచ్చిన పన్ను కంపు కలిసి గదంతా పట్టేశాయి.

"నీళ్ళు తగిలితే రంగు పోతుంది, ఉమ్మితోనే తుడవాలి," అంది గైడు మేడమ్. "పుల్లకు దూది చుట్టు, నాలుక మీద తడుపు, తుడిచి సీసాలో పడెయ్. వాడిన పుల్ల మాత్రం మళ్ళీ నోట్లో పెట్టకు. బాగా చేస్తే నీ థీసిస్‌కి ఈ బొమ్మే ఇస్తాను. లేదంటే కుండపెంకులే గతి."

ఆమెకు ఈ బొమ్మే కావాలి. దాని కోసమే మేడమ్ వెనక చెప్పులరిగేలా తిరిగింది. మేడమ్ వెళ్ళగానే ఊపిరి బిగబట్టి, కుడి వైపు నుంచి మొదలుపెట్టింది. ప్రతి పుల్లా పసుపుపచ్చ జిగురుతో తిరిగొచ్చేది.

ఫోన్ మోగింది. అక్క.

"ఏమైనా తిన్నావా?"

"తిండి మాటెత్తకే తల్లీ, వాంతొచ్చేలా ఉంది."

అక్క నవ్వింది. ఆమె కూడా నవ్వుతూనే ఫోన్ పెట్టేసి, చేతిలోని పుల్లను నోట్లో పెట్టుకుంది.

వాడిన పుల్ల.

నాలుక మీద కొవ్వు కరిగింది. పాతది కాదు... వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే నమిలి పెట్టినట్టు మెత్తగా, పీచుపీచుగా ఉంది.

సింకు దగ్గరికి పరుగెత్తి పేగులు తోడేసేలా కక్కుకుంది. ఎంత పుక్కిలించినా జిడ్డు వదల్లేదు. తన నాలుక మీద తనకే అసహ్యం పుట్టింది.

వెనక ఏదో చప్పుడు. చప్... చప్... చప్...

కుళాయి కట్టేసింది. చప్పుడు ఆగింది.

మెల్లగా తిరిగి చూసింది. ఆమె తాకని ఎడమ వైపు కూడా శుభ్రంగా ఉంది. పెదవులు తడిగా మెరుస్తున్నాయి. సీసాలోని పుల్లలకు దూది లేదు. కొసలన్నీ నమిలేసి ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. మేడమ్.

"భలే చేశావే! లోపలి పళ్ళు కూడా తళతళలాడుతున్నాయి."

"లోపల... నేను తుడవలేదు మేడమ్," అంది గుసగుసగా.

"మరి నేను తుడిచానా? సరే, బొమ్మ నీదే పో. రేపట్నుంచి రోజూ దీని ముందే నీ కాపురం."

వద్దని చెప్పాలి. కుండపెంకులే ఇవ్వండని కాళ్ళ మీద పడాలి. నోరు తెరవబోయింది...

నోటి నిండా ఉమ్మి ఊరింది. మింగింది. మళ్ళీ ఊరింది.

అది చల్లగా ఉంది, తన నోటిది కానట్టు.