కోరా బెత్ పేరు మీద ఉన్న ఇల్లు

డాబిన్స్ వాగు దారిలో ఆఖరి ఇంటి దగ్గరికి పొద్దుగూకాక ఎవరూ పోరు. ఒకసారి పోయినవాళ్ళు రెండోసారి అసలే పోరు.

మనిషి ఉండని ఇల్లని పేరు. అయినా కిటికీలో దీపం కదులుతుంది... ఈ గదిలోంచి ఆ గదిలోకి. లోపల ఎవరో కూనిరాగం తీస్తుంటారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు టార్చిలైటు మెట్ల మీద వదిలేసి పరుగు లంకించుకున్నాడు. జనాభా లెక్కల పెద్దమనిషైతే బండి కూడా దిగలేదు. రోడ్డు మీదే కూర్చుని ‘ఎవరూ లేరు’ అని రాసుకుని చక్కా పోయాడు.

ఆ మాటకొస్తే డాబిన్స్ వాగు ఒక ఊరని చెప్పడానికే లేదు. మా కెంటకీ కొండల సందులో పదకొండు ఇళ్ళు. మేయరు లేడు, ఊరికో ఆఫీసు లేదు, పోస్టాఫీసు ఎత్తేసి ఇరవయ్యేళ్ళు దాటింది. ఉత్తరాలు కూడా పక్క ఊరి పేరుతో వస్తాయి. కాగితం మీద ఊరు కనబడదు. అలా కనబడకపోవడమే కొందరి ప్రాణాలకి కాపలా.

ఆ కాపలాని చేతులారా పడగొట్టింది వర్నా స్టిడమ్. చెడ్డది కాదు. కౌంటీ కోర్టు భవనంలో రికార్డుల కిటికీ దగ్గర ముప్పయ్యొక్కేళ్ళుగా కూర్చున్న మనిషి. పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు, భూముల దస్తావేజులు – ఎవరొచ్చి అడిగినా తీసివ్వాలి. నీకెందుకని అడక్కూడదు. అది చట్టం. ఆ చట్టం రాసినవాణ్ణి తగలెయ్య!

అక్టోబరులో ఒక గురువారం మధ్యాహ్నం కిటికీ ముందుకి ఒకతను వచ్చాడు. డ్వేన్ ట్రాస్క్ అని పేరు చెప్పాడు. నున్నగా గీసిన గడ్డం, వినయంగా చేతిలో పట్టుకున్న టోపీ. నోరు తెరిస్తే అమ్మా, అమ్మా!

“కోరా బెత్ మలిన్స్ అని, మా బంధువమ్మా. డాబిన్స్ వాగులో ఉందని విన్నాను. కంప్యూటర్లో ఎంత వెతికినా ఆ ఊరే దొరకట్లేదు.”

వర్నాకి నవ్వొచ్చింది.

“ఊరి పేరుతో వెతికితే నీ జుట్టు నెరిసినా దొరకదు నాయనా. ఇక్కడ భూములన్నీ వాగుల పేరు మీద రాశారు. ఫలానా వాగులో నల్లబండ దగ్గర్నుంచి ఫలానా ఓక్ చెట్టు దాకా... అలా ఉంటుంది దస్తావేజు. వాగు పట్టుకుని పోవాలి. ఈ కిటుకు ఈ భవనంలో నాకు తప్ప ఎవడికీ తెలీదు.”

అదీ ఆమె గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది.

పది నిమిషాల్లో పాత పుస్తకం తీసింది. మూడేళ్ళ కిందట కోరా బెత్ ముసలి పిన్ని ఒకామె ఆ దారిలో ఆఖరి ఇంటిని ఆమె పేరున రాసింది. వర్నా ఆ కాగితానికి కాపీ తీసిచ్చింది. అంతటితో ఊరుకుందా? మ్యాపు మీద దారి కూడా పెన్సిలుతో గీసిచ్చింది మహాతల్లి.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నవ్వాడు.

“నా పెళ్ళామమ్మా అది. నా కూతుర్ని ఎత్తుకుపోయింది. మూడేళ్ళు నన్ను ఊళ్ళ వెంట తిప్పింది. ఇవాళ దాని పని చెప్తాను.”

టోపీ పెట్టుకుని తాపీగా వెళ్ళిపోయాడు.

వర్నా కుర్చీ ముందుకి లాక్కుంది. కంప్యూటర్లో అతని పేరు కొట్టి చూసింది. పక్క రాష్ట్రం కోర్టులో కేసు... పెళ్ళాం చెయ్యి రెండు చోట్ల విరిచాడు. దవడ ఒకసారి. ఆమె ఛాయలకి వెళ్ళకూడదని జడ్జి ఇచ్చిన ఆర్డరు ఉంది. దానికి గడువు తీరిపోయింది.

పై అధికారి దగ్గరికి పరిగెత్తింది.

“అది ఎవరైనా చూడగలిగే రికార్డు, వర్నా,” అన్నాడాయన కాఫీ తాగుతూ. “ఇవ్వకపోతేనే మనది తప్పు.”

షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేసింది.

“వాడు ఇంకా ఏం చెయ్యలేదు కదమ్మా,” అన్నారు అక్కడ.

“చేశాక పుస్తకంలో రాసుకోడానికి నేనున్నానుగా!” అని అరిచి ఫోను విసిరికొట్టింది. ఒళ్ళంతా మంట. వాడి మీద, వీళ్ళ మీద... అందరికన్నా ఎక్కువ తన మీద.

తాళంచెవులు తీసుకుని కారెక్కింది. ఊరి చివర హోటల్ ముందు అతని ఎర్ర ట్రక్కు ఆగి ఉంది. అద్దంలోంచి కనబడుతూనే ఉన్నాడు, ప్లేటు నిండా వేయించిన కోడి పెట్టుకుని తింటున్నాడు. చీకటి పడాలని చూస్తున్నాడు వెధవ.

కొండ దారిలో నలభై నిమిషాలు. సగం దారిలోనే ఫోనుకి సిగ్నల్ పోయింది. ఆఖరి ఇంటి ముందు కారాపేసరికి బాగా చీకటి పడింది.

కిటికీలో దీపం ఉంది.

ఆ ఇంటి గురించి విన్నవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ‘దెయ్యమైతే నన్నే తినెయ్యనీ, నాకదే శాస్తి’ అనుకుని మెట్లెక్కింది. తలుపు తట్టింది.

లోపల అడుగులు... ఒకటి... రెండు... మూడు. తలుపు అవతల ఆగాయి.

“ఎవరు?” గుసగుసగా ఒక ఆడగొంతు.

“కోరా బెత్... నేను కోర్టు ఆఫీసు వర్నాని. నా మొహం మండ, నీ ఇల్లు వాడికి నేనే చూపించాను. డ్వేన్ వస్తున్నాడు. బయల్దేరు తల్లీ!”



“నా కూతురు జూని కిందింట్లో ఉంది... ఓపలవ్వ దగ్గర,” అంది ఆ గొంతు. “దాన్ని పైకి రానివ్వకు.”

“నువ్వూ రా. కారుంది.”

“నేను ఇక్కడే ఉండాలి. వాడికి నేను దొరక్కపోతే... మళ్ళీ వెతుకుతాడు.”

“వాదనలకి టైము లేదమ్మా!” అని వర్నా తలుపు పట్టి లాగింది. రాలేదు. తడిమి చూసింది. తలుపుకి తాళం వేసి ఉంది – బయటి నుంచి.

పెరటి దారిన తిరుగుతోంది కాబోలనుకుంది. ఆలోచించే వ్యవధి ఎక్కడ? కారెక్కి కిందికి దూకించింది.

ఓపల్ రాట్లిఫ్‌కి ఎనభై రెండేళ్ళు. ఆ వాగు మీద అందరికీ ఓపలవ్వే. వంటింట్లో కూర్చుని ఆపిల్ పళ్ళు కోస్తోంది. పక్కన పధ్నాలుగేళ్ళ జూని పుస్తకం ముందేసుకుని ఉంది. వర్నా మొహం చూడగానే అవ్వ పిల్లని లోపలి గదిలోకి పంపేసి తలుపు మూసింది.

వర్నా జరిగిందంతా కక్కేసింది. కిటుకు చెప్పడం, దారి గీయడం, పైకి వెళ్ళి హెచ్చరించడం... “ఎంత పిలిచినా కోరా బెత్ రానంటోందవ్వా. నువ్వైనా చెప్పు.”

అవ్వ చేతిలో కత్తి ఆగిపోయింది.

“ఎవరితో మాట్లాడానన్నావ్?”

“కోరా బెత్‌తో.”

“ఒసేయ్ పిచ్చిమొహమా... అది ఫిబ్రవరిలోనే పోయిందే.”

వర్నా కిటికీలోంచి కొండ మీది దీపం వైపు చూసింది.

“న్యుమోనియా,” అంది అవ్వ. “వాగు పొంగి అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. తెల్లారేసరికి అయిపోయింది. ఇంటి వెనక మేమే పూడ్చాం. మీ ఆఫీసుకి చెప్పలేదు.”

“చెప్పకపోవడమేంటి? చావు రాయించాలి కదా!” ముప్పయ్యొక్కేళ్ళ అలవాటు, అంత భయంలోనూ పైకి తన్నుకొచ్చింది.

“రాయిస్తే?” అవ్వ గొంతు లేచింది. “నీ కంప్యూటర్లోకి ఎక్కుతుంది. తల్లి పోయిందని ఆ కసాయి చూస్తాడు. తల్లి లేకపోతే పిల్ల ఎవరిదే? తండ్రిది! మీ కోర్టే పిల్ల చెయ్యి పట్టుకుని వాడి ట్రక్కు ఎక్కిస్తుంది. వాడు కోరా బెత్ చెయ్యి విరిచినప్పుడు ఎక్కడుందే మీ కోర్టు?”

“మరి ఆ దీపం? ఇంట్లో దెయ్యం ఉందని అందరూ...”

“దెయ్యం కథ పుట్టించింది మేమే. కొత్తవాడెవడూ తలుపు తట్టకుండా. బతికున్నదాన్ని మూడేళ్ళు దెయ్యాన్ని చేశాం, దాని కర్మ! పోయాక నేనే రోజూ వెళ్ళి దీపం పెట్టొస్తున్నాను. దీపం ఆగితే ఎవరో ఒకరు ఆరా తీస్తారని. తాళం వేసింది కూడా నేనే.” అవ్వ తన మోకాలి మీద చెయ్యి వేసుకుంది. “ఈ మోకాలు పట్టేసి... ఆదివారం నుంచి గడప దాటలేదే నేను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడే ట్రక్కు చప్పుడు. ఇంటి ముందు నుంచి పైకి వెళ్ళిపోయింది. అవ్వ గోడ మీది తుపాకి దింపుకుని జూని ఉన్న గదికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. వర్నా కిటికీ దగ్గర నిలబడింది.

కొండ మీద దీపం కదిలింది... ఈ గదిలోంచి ఆ గదిలోకి.

అతని అరుపులు వినబడ్డాయి. బూతులు. ఆ తర్వాత తలుపు విరిగిన చప్పుడు... ఆ తర్వాత ఏమీ లేదు. ఎంతసేపో తెలీదు, వర్నాకి మాత్రం రాత్రి సగం గడిచినట్టే అనిపించింది.

ఉన్నట్టుండి ఒక కేక. మగవాడి గొంతే, కానీ చంటిపిల్లాడి ఏడుపులా సాగింది.

ట్రక్కు హెడ్‌లైట్లు కూడా లేకుండా దిగొచ్చింది. అవ్వ ఇంటి ముందున్న ఉత్తరాల పెట్టెని గుద్దుకుని, ఆగకుండా వెళ్ళిపోయింది.

వర్నా ఆ రాత్రి అక్కడే ఉంది. తెల్లవారుతూనే నిద్రలేని కళ్ళతో ఆఫీసుకి పోయింది. కిటికీ తెరిచేసరికి డ్వేన్ ట్రాస్క్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. వెనక ఇంకెవరో పెద్దాయన వరసలో ఉన్నాడు. డ్వేన్ తల మీద టోపీ లేదు.

“చావుల పుస్తకం చూడు,” అన్నాడు. అమ్మా గిమ్మా ఏమీ లేవు. “కోరా బెత్ మలిన్స్. చచ్చిపోయిందని రాసుంటుంది. చూడు!”

వర్నా ఎప్పుడూ రికార్డు దాచలేదు, తప్పుగా చదవలేదు. ఒక్క మాట జారితే పిల్ల వాడి చేతిలో పడుతుందని తెలుసు. పుస్తకం తీసింది. ఒక్కొక్క పేజీ తిప్పింది, తొందరేం లేకుండా. గుండెల్లో కోపం సలసల కాగుతోంది. గొంతు మాత్రం కిటికీ గొంతే.

“అటువంటి చావు ఏదీ నమోదు కాలేదు. మా రికార్డు ప్రకారం కోరా బెత్ మలిన్స్ బతికే ఉంది.”

“అబద్ధం! మొహాన టార్చి వేసి చూశాను. అది బతికున్నవాళ్ళ మొహం కాదు...” అతను కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు. “నా అడ్రసు చెప్పింది.”

“ఏ అడ్రసు?”

“పోయిన శనివారమే ఇల్లు మారాను. ఇంకా ఎక్కడా రాయించలేదు. మా అమ్మక్కూడా చెప్పలేదు. అది... వీధి పేరు చెప్పింది. ఇంటి నంబరు చెప్పింది. మేడ మీద నేను పడుకునే గది ఎటువైపో చెప్పింది. చెప్పి... వస్తానంది.”

ఈ కౌంటీలో ఏ పుస్తకంలోనూ లేని అడ్రసు అది. అయినా ఆమె కళ్ళు దించలేదు. చువ్వల మీదున్న అతని వేళ్ళ దాకా వంగింది.

“ఐతే ఇల్లు మారు,” అంది మెల్లగా. “అక్కడికీ వస్తుంది. మళ్ళీ మారు. మారుతూనే ఉండు.”

పుస్తకం మూసి, అతని వెనక నిలబడ్డ పెద్దాయన్ని ముందుకి రమ్మంది.