దించిన చేతులు

“నీ కాళ్లు పట్టుకుంటానురా జాప్రియన్! మీ బావకి మాత్రం తెలియనివ్వకు!”

ప్లోవ్‌డివ్ నగరంలోని కచేరీ హాలు వెనక గదిలో నెవెనా తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. జాప్రియన్ అక్కడి వాద్యబృందంలో మొదటి వయొలిన్ వాయిస్తాడు. ఆమె భర్త వెసెలిన్ అందరి ముందూ నిలబడి చేతులూపుతూ వాళ్లని నడిపించే కండక్టరు. తన తండ్రి నలభై ఏళ్లు నిలబడిన పీట మీదే పాతికేళ్లుగా నిలబడుతున్నాడు. ఒకప్పుడు వెసెలిన్ పియానో ముందు కూర్చుంటే ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టేది! పోయినేడు వేళ్లు నొప్పులంటూ ఆ పియానో మూసేశాడు. వేళ్లకేం రోగం... మధ్యలో పాట దారి మరిచిపోతున్నాడు మనిషి! ఇప్పుడు ఆ పీట మీద కూడా అంతే.

“ఎన్నాళ్లే అక్కా ఈ దొంగాట? బావ చేతులు చూస్తున్నట్టు నటిస్తూ అరవై మందీ నా కమానుకేసి చూస్తున్నారు. నిన్న ఆ బూర వాయించేవాడు ‘ముసలాయన ఏ పాటకి చేతులూపుతున్నాడో!’ అని నవ్వాడు. వాడి చెంప పగలగొడదామనిపించింది!”

“నవ్వనీరా... ఆ పీట దిగితే ఆయన బతకరు! నాకున్నది ఆయనొక్కరేగా!”

జాప్రియన్ ముక్కు చీదుకున్నాడు. “సరేలే, ఏడవకు,” అన్నాడు.

ఆదివారం పదకొండింటి కచేరీలో నెవెనా మూడో వరసలో కూర్చుంది. రెండో భాగం సగంలో ఉండగా వెసెలిన్ చేతులు గాలిలో ఆగిపోయాయి. మెల్లగా కిందికి దిగిపోయాయి. దారి పోయింది మళ్లీ! కానీ వాయిద్యాలు ఆగలేదు... ఒక్క స్వరం కూడా తొణకలేదు! ఆయన బిత్తరపోయి ఒక్కొక్క ముఖమే చూశాడు. అందరి కళ్లూ జాప్రియన్ కమాను మీదే ఉన్నాయి. ‘అయ్యో, ఆగండర్రా! ఒక్కసారి తప్పు వాయించి చావండర్రా!’ అని నెవెనా లోలోపల గుండెలు బాదుకుంది. వాళ్లు చక్కగా వాయిస్తూనే పోయారు. కాసేపటికి వెసెలిన్ చేతులు పైకెత్తాడు. బావమరిది కమానుకేసి చూస్తూ, దాని వెంటే చివరిదాకా చేతులూపాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంట్లో వెసెలిన్ ముందు చిక్కుడుగింజల పులుసు చల్లారిపోతోంది.

“మా నాన్న చివరి ఏడాది గుర్తుందా నెవెనా? పీట మీద ఆయన, పియానో ముందు నేను. అందరూ నన్ను చూసే వాయించేవారు. ఒకరోజు నాన్న ఇలాగే చేతులు దించేశాడు... నేను తలెత్తలేదు! ఆయనకేం తెలియకుండానే పోయాడని పాతికేళ్లు సంతోషపడ్డాను. ఆయనకి తెలుసని ఇవాళ అర్థమైంది.”

“ఏమండీ... నన్ను క్షమించండి! నేనే వాణ్ని బతిమాలుకున్నాను!”

“ఊరుకో. నాకు తెలిసిందని జాప్రియన్‌కి చెప్పకు, తట్టుకోలేడు. మా నాన్న నాకు చెప్పాడా?” వెసెలిన్ పులుసు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. “వచ్చే ఆదివారం కూడా వెళ్తాను. చేతులూపుతాను. ఆ నల్లకోటు గుండీ వదులైంది, కాస్త కుట్టిపెట్టు.”

నెవెనా సూది తెచ్చుకుంది. కన్నీళ్లకి కళ్లు అలుక్కుపోయి ఎంతసేపటికీ దారం ఎక్కలేదు. వెసెలిన్ ఆమె చేతిలోంచి సూది తీసుకుని, నొప్పులన్న ఆ వేళ్లతోనే ఒక్కసారికే దారం ఎక్కించి ఇచ్చాడు.