పొడైన పొగాకు

శుక్రవారం ఉదయం టామ్సిన్ చంకలో రెండేళ్ల కూతురితో వచ్చి డోర్కస్ ర్యాగ్ గుమ్మంలో కూలబడింది. డోర్కస్ వర్జీనియాలో ఆ నది పొడవునా పేరున్న మంత్రసాని. పురుళ్లు లేని రోజుల్లో పోయిన వస్తువులూ దాచిన నిజాలూ వెతికి పెట్టేది. ఒకప్పటి కోర్టు గుమాస్తా సైలస్ టకెట్ ఇప్పుడు ఆవిడకు సహాయకుడు. ఆవిడ తెలివి ముందు కోర్టంతా దిగదుడుపేనని అతని నమ్మకం.

"నా ఒప్పంద కాగితం పోయిందమ్మా," అంది టామ్సిన్. "ఓడ ఛార్జీకి బదులు నాలుగేళ్ల చాకిరీ అని రాసుకున్నాం. మొన్నటితో తీరింది. కాథార్న్ దొరేమో ఏడేళ్లంటున్నాడు."

"ఎక్కడ దాచావు?"

"పొగాకు కొట్టంలో, పై వాసం సందులో. నిన్న చూస్తే లేదు. సోమవారం కోర్టులో నాకు విడుదల రాకపోతే పిల్లను పద్దెనిమిదేళ్లదాకా చాకిరీకి దొరకే రాసిచ్చేస్తారు."

ఆ పిల్ల పుట్టినరోజు సైలస్‌కు గుర్తుంది. పెళ్లికాని తల్లిని నొప్పుల మధ్యే తండ్రి పేరు అడిగి కోర్టుకు చెప్తానని మంత్రసాని ప్రమాణం చేయాలి. డోర్కస్ ఆ పేరు చెప్పడానికే కోర్టుకు వచ్చింది. ఆవిడ నోరు తెరవకముందే న్యాయాధికారి ట్రెమ్లెట్, "తండ్రి పేరు రాసే చోటు ఖాళీగా వదిలెయ్," అన్నాడు గుమాస్తాతో. సైలస్ వదిలేశాడు. ఆ నెలలోనే ఉద్యోగమూ వదిలేశాడు.

సోమవారం కోర్టు కాథార్న్ ఇంట్లోనే కూర్చుంది. ట్రెమ్లెట్ అప్పటికే ఆ ఇంటి పంది తొడ సగం లాగించేశాడు. ఈ సీమలో న్యాయం అలా ప్రతివాది వంటింట్లోనే మేస్తుంటే చూసి సిగ్గుపడేవాడు ఒక్కడూ లేడు. డోర్కస్ అందరినీ కొట్టంలోకి పిలిచింది.

పైన పొగాకు గుత్తులు వేలాడుతున్నాయి. ఒక్క వాసం కిందే నేలంతా ఆకు పొడి.

"ఇక్కడ ఎవరు ఎక్కారు?"

"జెంకిన్," అన్నాడు ఆంబ్రోస్. కాథార్న్ బావమరిది, సముద్రం అవతల బ్రిస్టల్ నుంచి ఓడ దిగి రెండు నెలలు. "బుధవారం నా కళ్లతో చూశాను. చంకనిండా ఆకు దింపుకుపోయాడు. కాగితం వాడికే దొరికుంటుంది."

"నేను ఎక్కలేదు దొరా," అన్నాడు ముసలి కూలీ జెంకిన్.

"ఆకులు చిరిగాయా, ఆంబ్రోస్ గారూ?"

"ఒక్కటీ చిరగలేదు."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కాథార్న్ ముఖం మాడిపోయింది.

"వాన పడి ఎన్నాళ్లయింది, జెంకిన్?"

"తొమ్మిది రోజులమ్మా. ఒకటే పొడి గాలి."

డోర్కస్ ఒక ఆకు పట్టుకుంది. అది వేళ్ల మధ్యే పొడైపోయింది.

"తేమ పదును లేని ఆకు గతి ఇదీ. ముసురు పట్టేదాకా కూలీ ఎవడూ దాన్ని ముట్టడు. బుధవారం చంకనిండా ఆకు దింపగల మొనగాడు ఈ నది ఒడ్డున లేడు. ఎక్కినవాడు ఆ సంగతి తెలియక భుజాలతో తోసుకుంటూ పోయాడు. తెలియనివాడు ఇక్కడ ఒక్కడే. కోటు దులుపుకున్నారు ఆంబ్రోస్ బాబూ, టోపీ దులపడం మరిచారు."

ఆంబ్రోస్ టోపీ అంచు నిండా గోధుమరంగు పొడి. డోర్కస్ దాని లోపలి అస్తరు చింపితే కాగితం బయటపడింది. నాలుగేళ్లు.

"కాల్చెయ్యమన్నాగా, దరిద్రుడా!" అన్నాడు కాథార్న్.

"కాల్చేస్తే, రేపు నువ్వు నన్ను గెంటేసినప్పుడు ఏం చూపించి బెదిరించాలి బావా?"

ట్రెమ్లెట్ వేళ్లకంటిన కొవ్వు తుడుచుకున్నాడు. "కాగితం అసలైందే. కానీ ఈమె శుక్రవారం నుంచి మూడు రోజులు పని ఎగ్గొట్టింది. చట్టం ప్రకారం రెట్టింపు, ఆరు రోజుల చాకిరీ. అంటే ఇవాళ్టికి విడుదల లేదు. పిల్లను దొరకు రాయండి."

"తీరిపోయిన చాకిరీని ఎగ్గొట్టడమేంటయ్యా?" అన్నాడు సైలస్.

"కోర్టు తేల్చేదాకా తీరినట్టు కాదు."

టామ్సిన్ పిల్లను గుండెకు అదుముకుంది.

"సరే అయ్యగారూ," అంది డోర్కస్ నెమ్మదిగా. "పిల్లను రాయాలంటే తండ్రి పేరు ఉండాలిగా. సైలస్, కలం తియ్యి. ఆ రోజు టామ్సిన్ చెప్పిన పేరు నేను చెప్తాను."

సైలస్ కలం సిరాలో ముంచి ట్రెమ్లెట్ వంకే చూశాడు. ఆయన మెడ ఎర్రబడింది.

"ఆరు రోజులు మాఫీ," అన్నాడు ట్రెమ్లెట్. "తల్లీ పిల్లా ఇద్దరూ పొండి."

ఆంబ్రోస్‌ను ఎవరూ ఏమీ అనలేదు. అతను భోజనానికి వెళ్లాడు.

రేవు దగ్గర సైలస్ ఉమ్మేశాడు. "నిజం తేల్చి గెలిచామనుకున్నానమ్మా. నోరు మూసుకుంటామని గెలిచాం."

"నిజం చూపించాంగా. వాళ్లు పళ్లు కుట్టుకుంటూ చూశారు," అని డోర్కస్ నదిలో చేతులు కడుక్కుంది.

టామ్సిన్ పడవ ఎక్కబోతూ ఆగింది. "దీని తండ్రి పేరు ఎప్పటికీ ఖాళీయేనా?"

"ఖాళీగా ఉన్నన్నాళ్లే ఆయనకు భయం, అన్నాళ్లే పిల్ల నీది," అంది డోర్కస్.