రికార్డు గదిలో ఆడశిశువు

ఆ ప్రసూతి ఆసుపత్రి అడుగున ఉన్న రికార్డు గదికి మంచి పేరు లేదు. చీకటి పడితే ఆయాలు కూడా అటు తొంగిచూడరని చెప్పుకునేవారు. అంతకుముందు పనిచేసిన ఇద్దరు ఆపరేటర్లు చెప్పాపెట్టకుండా మానేశారు.

"ఆ గదిలో చెరిపేసినవాళ్ళు తిరిగి లేస్తారు సార్," అన్నాడు వాచ్‌మన్, గొంతు తగ్గించి.

కొత్త ఆపరేటర్ నవ్వేశాడు. పాత రిజిస్టర్లలోని కాన్పులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం అతని పని. తల్లి పేరు, పుట్టిన తేదీ కలిపి ప్రతి బిడ్డకూ ఒక నంబరు కట్టేవాడు. ఒకే నంబరు రెండుచోట్ల కనిపిస్తే, పొరపాటున రెండుసార్లు రాశారనుకుని ఒకటి కొట్టేసేవాడు. ఒంటరి మనిషి... ఇంటికెళ్ళినా పలకరించే దిక్కులేదు.

ఒకరోజు అలాగే 'ఆడశిశువు' అని ఉన్న వరుస ఒకటి కొట్టేశాడు. ఎప్పుడో యాభై ఎనిమిదేళ్ళ కిందటి కాన్పు.

తెల్లారేసరికి అది మళ్ళీ ఉంది.

మళ్ళీ కొట్టేశాడు. మళ్ళీ వచ్చింది. మూడోనాటికి తిండి సయించలేదు.

ఆ రాత్రి లైటు ఆర్పి, బీరువా వెనక నక్కాడు. పన్నెండు దాటింది... ఒంటిగంట... తలుపు కిర్రుమంది. తెల్లటి ఆకారం ఒకటి — అడుగుల చప్పుడు లేదు — తిన్నగా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర వెలిగింది. టక్... టక్... ఒక్కో అక్షరమే పడుతోంది.

"ఎ... ఎవరది?"

ఆకారం ఇటు తిరిగింది.

రాత్రి డ్యూటీ పెద్ద సిస్టరు. పసివాళ్ళు లేస్తారని చెప్పులు విడిచి తిరిగే మనిషి.

"దాన్ని కొట్టేయకు బాబూ," అంది మెల్లగా. "అది పొరపాటు కాదు. మేం కవలలం."

అతను బీరువా వెనక నుంచి బయటికొచ్చాడు.

"పేర్లు పెట్టకముందే ఒకరం పోయాం. ఇంట్లో ఫొటో లేదు, గుడ్డపీలిక లేదు. ఇప్పుడు అమ్మా లేదు. ఇద్దరం పుట్టామనడానికి ఈ రెండు వరుసలే... రోజూ రాత్రి వచ్చి చూసుకుంటాను."

అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. పేరుతో, తేదీతో పనిలేకుండా, ఎవరి నంబరు వాళ్ళకే ఉండేలా మెషీన్ చేతే కొత్త నంబర్లు వేయించాడు. ఒకదాని కింద ఒకటి, రెండు వేర్వేరు నంబర్లు పడ్డాయి.

"ఇక ఎవరూ కలపలేరు సిస్టరుగారూ."

ఆమె పై నంబరు మీద వేలు పెట్టింది. తీసి, కిందిదాని మీద పెట్టింది.

"వీటిలో నేనేది బాబూ?"

అతను రిజిస్టరు తెర వెలుగులోకి జరిపాడు. బరువు ఒకటే. గంట ఒకటే. పేజీ వెనక్కి తిప్పి చూశాడు, ముందుకు తిప్పి చూశాడు...

రెండు వరుసల్లోనూ ఒకటే మాట — ఆడశిశువు.