కాలిన మచ్చ లేని కార్డులు

అమలాపురంలో ప్రైవేటు డిటెక్టివ్ శివనాగరాజు ఆఫీసుకి వచ్చిన వీరవేణి, కుర్చీ అంచున కూర్చుని ఒక్క ఊపులో చెప్పేసింది.

"సాయంత్రం నాలుగింటికి నామీద పోలీసు కంప్లయింటు ఇస్తారటండి. మా రొయ్యల కంపెనీ సర్వర్లో నేను బిగించిన మెమరీ కార్డులు మూడు పాడైపోయేయి. మంచివి అమ్ముకుని చచ్చినవి పెట్టేనంటున్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నేనండి."

ఒంటిగంటకల్లా శివనాగరాజు, అసిస్టెంటు యాకోబు వీరవేణిని వెంటబెట్టుకుని ఐ.పోలవరంలోని ఆ కంపెనీకి చేరారు. యజమానురాలు పెద్దింట్లమ్మ పాడైన కార్డుని అప్పడంలా పట్టుకుని అందించింది.

"అంచులు పట్టుకోండమ్మా! ఆ బంగారు గీతల్ని ముట్టుకోకూడదు," అన్నాడు శివనాగరాజు.

"ఆయ్," అంటూనే ఆమె దాని మీద దుమ్ము పోయేలా ఉఫ్‌మని ఊదింది. శివనాగరాజు కళ్లు మూసుకుని తెరిచాడు.

కార్డు మీద కాలిన మచ్చ లేదు. నంబరు కంపెనీ కొన్న బిల్లులోదే. మూల ఒక తెల్లటి పూస అంటుకుని ఉంది.

"ఎలా బిగిస్తావమ్మా?" అని వీరవేణిని అడిగాడు.

"ప్లగ్గు తీసేసి, మణికట్టుకి పట్టీ కట్టుకుని, దాని తీగ సర్వర్ ఇనప పెట్టెకి తగిలిస్తానండి. నా ఒంట్లో కరెంటు కార్డు మీదకి దూకకుండా."

స్టోర్ చూసే కనకరాజు నవ్వాడు. "కంకణం కట్టుకుని పెళ్లి చేసేస్తదండి సర్వర్‌కి!"

"స్టోర్‌లో పెట్టకుండా, కొరియర్ తెచ్చిన రోజునే బిగించినవి ఏమన్నా ఉన్నాయా?" శివనాగరాజు వీరవేణినే అడిగాడు.

"నాలుగండి. ఏడాదిగా బాగున్నాయి. స్టోర్‌లోంచి తెచ్చినవే పోయేయి."

"నా స్టోర్‌లో ఏసీ ఉందండి, ఈగ కూడా వాలదు!" కనకరాజుకి రోషం వచ్చింది.

మూడున్నరకి శివనాగరాజు అందర్నీ ఆ స్టోర్‌లోకే పిలిచాడు. ఇంకా బిగించని కార్డులు ఉన్నది రొయ్యలు పంపే థెర్మోకోల్ పెట్టెలో. యాకోబు మూత లాగగానే తెల్లటి పూసలు అతని చొక్కా చేతికి ఎగిరి అతుక్కున్నాయి. ఎంత దులిపినా రాలలేదు.

"చూశారా? థెర్మోకోల్ రాసుకుంటే కరెంటు పుడుతుంది. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కనక అది తొందరగా పోదు. మనకి చీమ కుట్టినట్టయినా ఉండదు, కార్డుకి మాత్రం పిడుగు. దెబ్బ లోలోపలే తగులుతుంది కనక పైకి కాలిన మచ్చ లేదు. నంబరు బిల్లులోదే కనక కార్డు మారలేదు. దొంగే లేడు. కనకరాజు గారూ, వీటితో వచ్చిన బూడిదరంగు కవర్లేవీ?"

"తీసి పారేసేనండి, లోపల చెమ్మ పడతదని. మన సరుకంతా ఇందులోనే కదండీ భద్రంగా ఉండేది..."

"అది రొయ్యకండీ! ఆ కవర్లు ఉన్నది ఈ కరెంటుని ఆపడానికే."

పెద్దింట్లమ్మ కంప్లయింటు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. "తప్పయిపోయింది తల్లీ. రేపు పనిలోకి వస్తావు కదా?"

"నన్ను దొంగ అన్నది పదిమందిలోనండి. ఈ మాటా ఆ పదిమందినీ పిలిచి చెప్పండి. స్టోర్ నాకప్పగించండి. అప్పుడొస్తాను."

పెద్దింట్లమ్మ గుమ్మంలోకి నడిచి, షెడ్డులో రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్లందర్నీ కేకేసింది.